వస్తువు మన కోసమా, మనం వస్తువు కోసమా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మొన్నామధ్య మా ఇంట్లో ఒక చిన్న సంగతి జరిగింది. చిన్నదే గాని, నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్లు. ఆవకాయ కలిపినా, అప్పడాలు ఒత్తినా ఆవిడ చెయ్యి పడాల్సిందే. అలాంటి మనిషి ఉన్నట్టుండి కూరలు తరగడానికి రావడం మానేశారు. "ఒంట్లో బాగాలేదా అత్తయ్యగారూ?" అని అడిగితే, "ఏం లేదమ్మా, నువ్వే కానియ్" అనేవారు.

ఒకరోజు నేను ఇంట్లో లేని సమయంలో దోసకాయ చెక్కు తీయబోయారట. పీలర్ జారి బొటనవేలు తెగింది. అప్పుడు బయటపడింది అసలు విషయం. వేళ్ల కీళ్లు నొప్పి, సన్నటి పిడి పట్టు చిక్కడం లేదు. "నా చేతుల పనైపోయిందమ్మా. ఇంక వంటింటికి నేను బరువే" అన్నారు. కళ్లల్లో నీళ్లు కనపడనివ్వలేదు గాని, గొంతులో వినబడ్డాయి.

ఆ రాత్రి నాకు ఒక ప్రశ్న పుట్టింది. తప్పు నిజంగా ఆవిడ చేతిదేనా? లేక పీలర్‌దా? మనం ఎప్పుడూ మన చేతినే, మన నడుమునే, మన వయసునే తప్పు పడతాం. వస్తువును మాత్రం ఒక్క మాట అనం. ఈరోజు నేను మీతో చెప్పదలచుకున్నది ఇదే. వస్తువుల రూపకల్పన, అంటే డిజైన్ అనేది, కేవలం అందానికి సంబంధించిన వ్యవహారం కాదు. అది మన మణికట్టుకీ, నడుముకీ, మోకాలికీ సంబంధించిన వ్యవహారం.

ముందు అమెరికాలో ఒక అమ్మాయి కథ చెబుతాను. ఆమె పేరు పాట్రీషియా మూర్. 1979లో న్యూయార్కులో పేరున్న డిజైన్ సంస్థలో పనిచేస్తోంది. ఇరవై ఆరేళ్ల వయసు. ఫ్రిజ్ తలుపు గురించి చర్చ జరుగుతుంటే, కీళ్లవాతం ఉన్నవాళ్లు కూడా సులువుగా తెరిచేలా పిడి చేయవచ్చు గదా అని అడిగింది. అలాంటివాళ్ల కోసం మనం డిజైన్ చేయం అని పెద్దలు తోసిపుచ్చారు. ఆ అమ్మాయి ఊరుకోలేదు. ముసలమ్మ వేషం వేసింది. వేషం అంటే తెల్లజుట్టు పెట్టుకోవడం ఒక్కటే కాదండీ. చూపు మసకబారే కళ్లద్దాలు, వినికిడి తగ్గేలా చెవుల్లో అడ్డు, కీళ్లు వంగకుండా కట్లు, ఇన్ని పెట్టుకుని 1982 వరకు వందకు పైగా ఊళ్లు తిరిగింది. బస్సు మెట్టు ఎంత ఎత్తో, దుకాణం తలుపు ఎంత బరువో, సీసా మూత ఎంత మొండిదో తన ఒంటితో తాను తెలుసుకుంది. వయసు మళ్లినవాళ్ల అవసరాలను లెక్కలోకి తీసుకుని వస్తువులు చేయాలనే ఆలోచన బలపడటంలో ఆమె పాత్ర పెద్దదే.

ఇక పీలర్ సంగతికి వద్దాం. శాం ఫార్బర్ అనే ఆయన వంటసామాన్ల వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. భార్య బెట్సీకి చేతుల్లో కీళ్లవాతం. ఒకసారి ఫ్రాన్సులో ఉండగా, ఆవిడ ఆపిల్ పళ్ల చెక్కు తీయలేక అవస్థ పడటం ఆయన చూశారు. మా అత్తగారి అవస్థే అనుకోండి. ఆయన డిజైనర్ల దగ్గరికి వెళ్లారు. వాళ్లు కీళ్లవాతం ఉన్నవాళ్లతో మాట్లాడారు, రకరకాల పిడులు చేతికిచ్చి చూశారు. చివరికి లావుగా, కోడిగుడ్డులా కొంచెం నొక్కినట్టుండే పిడి తేలింది. పైన రబ్బరులా మెత్తని పదార్థం, తడి చేత్తో పట్టుకున్నా జారదు. బొటనవేలు, చూపుడువేలు ఆనేచోట సన్నటి మడతలు. సైకిల్ హ్యాండిల్ గ్రిప్పు చూసి వచ్చిన ఊహ అది. 1990లో ఆక్సో అనే పేరుతో ఆ వస్తువులు బజారులోకి వచ్చాయి.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. అవి రోగుల సామాన్లుగా అమ్మలేదు. చేతులు బాగా ఉన్నవాళ్లు కూడా హాయిగా ఉందని కొనుక్కున్నారు. కష్టపడే చేతికి సులువైనది, మామూలు చేతికి మరీ సులువు. లావు పిడి ఎందుకు మంచిదంటారా? సన్నపిడిని పట్టుకోవాలంటే వేళ్లు పూర్తిగా ముడిచి గట్టిగా బిగించాలి. లావుదైతే అంత బిగించనక్కరలేదు, బరువు అరచేయంతా పంచుకుంటుంది. అంతే రహస్యం!

పీలర్ దాటి వంటింటి మొత్తానికి వెళదాం. 1926లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో సామాన్య కుటుంబాలకు వేలకొద్దీ ఇళ్లు కడుతున్నారు. ఆ ఇళ్లకు వంటగది ఊహించే పని ఆస్ట్రియా దేశపు మహిళ మార్గరెటె షుట్టె లిహోట్స్కీకి అప్పగించారు. ఆనాడు ఆడవాళ్లు ఆర్కిటెక్టులు కావడమే అరుదు. రైలు భోజనశాలలో అంత ఇరుకు చోట అంతమందికి ఎలా వండుతున్నారో గమనించింది. ఏ పనికి ఎన్ని అడుగులు వేస్తున్నారో, ఎంతసేపు పడుతోందో లెక్కలు కట్టింది. ఆరడుగుల పైచిలుకు వెడల్పు, పదకొండు అడుగుల పొడవు, అంతే గది. అందులోనే అన్నీ! పిండికీ, బియ్యానికీ, పంచదారకీ పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు. లాగి అలాగే ఒంపుకోవచ్చు. కిటికీ దగ్గర కూరలు తరిగే బల్ల. దాని ముందు తిరిగే స్టూలు, కూర్చుని తరుక్కోవడానికి. తొక్కలు తోసేయడానికి అక్కడే ఒక చిన్న సొరుగు. గోడకు మడిచిపెట్టే ఇస్త్రీ బల్ల. సుమారు పదివేల ఇళ్లలో ఆ వంటగది పెట్టారు. ఈనాడు మన అపార్టుమెంట్లలో కనిపించే మాడ్యులర్ కిచెన్‌కి అది పెద్దముత్తవ్వ అన్నమాట.

అయితే అందులోనూ లోటు ఉంది. ఒక్క మనిషికే సరిపోయే గది అది. తల్లీ కూతుళ్లు కలిసి పని చేసుకోవాలన్నా, భర్త వచ్చి ఒక చెయ్యి వేయాలన్నా చోటు లేదు. పైగా ఆవిడే తర్వాతి రోజుల్లో, ఆ వంటగది ఊహించేనాటికి తనకు వంట అలవాటే లేదని చెప్పుకుంది. అంచేత, ఎంత తెలివైనవాళ్లయినా లెక్కలతో పాటు వాడే మనిషిని కూడా అడగాలి. అడగకపోతే ఎక్కడో ఒకచోట చిక్కు వస్తుంది.

మన దేశం సంగతికి వస్తే, మిక్సీని మించిన ఉదాహరణ నాకు కనబడదు. 1960లలో బొంబాయిలో మాధురీ మాథుర్ అనే గృహిణి ఇంట్లో జర్మనీ మిక్సర్ ఉండేది. పళ్లరసాలకూ, మెత్తటి పదార్థాలకూ చేసిన యంత్రం అది. మన పప్పులూ పచ్చళ్లూ వేస్తే పాపం దాని మోటారు తట్టుకోలేక కాలిపోయింది. భర్త సత్యప్రకాశ్ మాథుర్ ఇంజనీరు. మన రుబ్బుడికి ఆగే బలమైన మోటారుతో మిక్సీ తయారు చేసే పనికి పూనుకున్నారు. అలా పుట్టిందే సుమీత్. చూశారా! "మన పప్పు గట్టిది, మిక్సర్ తప్పేం లేదు" అని ఆ దంపతులు సరిపెట్టుకుని ఉంటే, ఇంకా ఎన్నాళ్లు రుబ్బురోలు ముందు కూర్చునేవాళ్లమో!

మరి ఫర్నిచర్? ఈమధ్య పెట్టెలో విడిభాగాలుగా వచ్చి, ఇంటి దగ్గర బిగించుకునే బల్లలూ అలమారలూ చూస్తున్నాం. ఇది నిన్నటి ఊహ కాదు. వియన్నాలో మైకేల్ థోనెట్ అనే ఆయన 1859లో ఒక కుర్చీ చేశారు. ఆవిరి పట్టి వంచిన బీచ్ కర్ర, ఆరు ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. అంతే కుర్చీ. విప్పి సర్దితే, పొడవూ వెడల్పూ ఎత్తూ ఒక్కొక్క మీటరుండే పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఆ వంపు కర్ర కుర్చీల జాతివే మన హైదరాబాదు పాత ఇరానీ హోటళ్లలో కూడా ఉండేవి. తర్వాత 1956లో స్వీడన్‌లో ఐకియా ఉద్యోగి ఒకాయన, బల్ల కారులో పట్టక కాళ్లు ఊడదీశారట. అప్పట్నుంచి ఆ సంస్థ విడిభాగాల ఫర్నిచర్‌నే తన పద్ధతిగా చేసుకుంది. 2018 ఆగస్టులో మన దేశంలో మొదటి దుకాణం హైదరాబాదులోనే తెరిచింది.

ఈ పద్ధతిలో లాభం ఉంది. రవాణా ఖర్చు తక్కువ, ఇరుకు మెట్ల మీదుగా మోసుకురావడం సులువు. కాని కొనేముందు ఏం చెక్కో అడగండి. పొట్టు అదిమి చేసిన చెక్కయితే నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. మనం బకెట్టుతో నీళ్లు పోసి కడుక్కునే ఇళ్లు గదా! అంచులన్నీ మూసి ఉన్నాయో లేదో, నేలకు తగలకుండా కాళ్లు ఉన్నాయో లేదో చూడాలి. మాటిమాటికీ విప్పి బిగిస్తే ఆ చెక్కలో స్క్రూలు వదులైపోతాయి. ఏటేటా ఇల్లు మారేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అలాగే సోఫా కమ్ బెడ్. దుకాణంలో కుర్రాడు ఒక్క ఊపులో తెరిచి చూపిస్తాడు. మీరే తెరవండి. ఒక్కరే తెరవండి. ఇద్దరు మగవాళ్లు పట్టాలంటే అది ఎప్పటికీ సోఫాగానే ఉండిపోతుంది. మెత్తగా లోపలికి దిగిపోయే సోఫా చూడ్డానికి బాగుంటుంది గాని, పెద్దవాళ్లు అందులోంచి లేవలేరు. కూర్చున్నప్పుడు పాదాలు నేలమీద పూర్తిగా ఆనాలి. చేతులు ఆన్చి లేవడానికి ఆసరా ఉండాలి.

కొత్తవన్నీ గొప్పవనీ, పాతవన్నీ పనికిరానివనీ నేననడం లేదు. కత్తిపీట ఎంత చక్కటి ఊహో చూడండి. కాలి బరువుతో పీట కదలదు, రెండు చేతులూ కాయ మీదే ఉంటాయి. కింద కూర్చోలేని మోకాళ్లొచ్చాక గాని దాంతో ఇబ్బంది రాదు. 1958లో చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు మన ప్రభుత్వం పిలుపు మీద దేశమంతా తిరిగి నివేదిక రాశారు. తాము చూసి మెచ్చుకున్న వస్తువుల్లో మన చెంబునే అన్నిటికన్నా గొప్పదిగా ఎంచారు. నడుం మీద పెట్టుకుంటే ఎలా ఇముడుతుంది, నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు తూకం ఎలా ఉంటుంది, ఎలా ఒంపుతాం, ఎలా తోముతాం, ఇన్ని ప్రశ్నలకు తరతరాలుగా ఎందరో కలిసి చెప్పిన జవాబు అది అని వారి అభిప్రాయం. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. మనం రోజూ తోమి బోర్లించే చెంబు అంతటి పాఠం చెప్పిందన్నమాట!

ఇప్పుడు మా ఇంటి సంగతి ముగిస్తాను. మా వంటగట్టు 34 అంగుళాల ఎత్తు. కట్టేటప్పుడు మేస్త్రీ ఎత్తెంతని అడిగితే, మావారు "అందరికీ ఎంత పెడతారో అంతే పెట్టు" అన్నారు. వంటింట్లో రోజుకు నాలుగు గంటలు నిలబడే ఇద్దరాడవాళ్లను ఎవరూ అడగలేదు. నేనూ నోరెత్తలేదు. నేను ఐదడుగుల నాలుగంగుళాలు, నాకు సరిపోయింది. మా అత్తగారు నాలుగడుగుల పదంగుళాలు. ఆవిడ ఇన్నేళ్లూ భుజాలు ఎత్తి తరుగుతూనే ఉన్నారు. మోచెయ్యి మడిచి నిలబడితే, మోచేతికి నాలుగు నుంచి ఆరంగుళాల కిందికి గట్టు ఉండాలి. అదీ లెక్క. చపాతీలు ఒత్తడంలాంటి బలం పెట్టే పనికి ఇంకా కొంచెం కిందికి ఉంటే మంచిది.

గట్టు పగలగొట్టలేం గదా! వడ్రంగిని పిలిచి, గట్టు కింద లాగితే బయటికొచ్చే చెక్కపలక ఒకటి పెట్టించాను. ఈసారి కొలత మా అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి తీసుకున్నాం. 27 అంగుళాలు వచ్చింది. లావు పిడి పీలర్ ఒకటి కొన్నాం. అట్లకాడకి మా అబ్బాయి ఉపాయం చెప్పాడు. సన్నపిడికి గుడ్డపీలిక చుట్టి, దానిమీద సైకిల్ గ్రిప్పు బిగించాడు. పొయ్యి దగ్గర వాడేది గనుక సెగ తగలకుండా పిడి చివరనే పెట్టాడు. అమెరికా వాళ్ల ఊహ మా ఇంటికి సైకిలు షాపు మీదుగా వచ్చింది!

మొదటిరోజు మా అత్తగారు అనుమానంగానే కూర్చున్నారు. రెండు దోసకాయలు చెక్కు తీశాక, వేళ్లు ఒకసారి మడిచి, చాచి చూసుకున్నారు. "అమ్మాయ్, నా చేతులు బాగానే ఉన్నాయే!" అన్నారు.

అంచేత, సోదరీమణులారా, రేపు ఏదైనా వస్తువు కొనేముందు దుకాణంలో సిగ్గుపడకండి. పట్టుకుని చూడండి. తడిచేత్తో ఎలా ఉంటుందో ఊహించండి. మూత తీసి చూడండి, కూర్చుని లేచి చూడండి. ఇంట్లో అందరికన్నా పొట్టివాళ్లనీ, అందరికన్నా పెద్దవాళ్లనీ తలచుకోండి. గట్టు కట్టేటప్పుడు మేస్త్రీ మీవారిని ఎత్తు అడిగితే, జవాబు మీరు చెప్పండి. మీ అత్తగారో, అమ్మగారో ఏదైనా పని ఉన్నట్టుండి మానేస్తే, ఆవిడ చేతుల్ని అనుమానించే ముందు, ఆ చేతిలో ఉన్న వస్తువును ఒకసారి అనుమానించండి.