రోమ్ తూకం ఎటు మొగ్గింది?

1819లో వాటికన్ గ్రంథాలయంలో ఆంజెలో మాయ్ అనే పండితుడికి ఓ పాత తోలు ప్రతి కంటబడింది. పైకి కనిపించేది కీర్తనల మీద సెయింట్ అగస్టీన్ వ్యాఖ్యానం. దాని కింద, చెరిపేసిన మరో రాత మసగ్గా కనిపించింది. అది రోమన్ రాజనీతిజ్ఞుడు సిసిరో రాసిన, శతాబ్దాలుగా జాడ లేని గ్రంథం ‘డి రె పబ్లికా’. దొరికింది కొంత భాగమే. అయినా ఉత్తమ రాజ్యాంగం ఏదన్న ప్రశ్నకు రోమ్ ఇచ్చుకున్న జవాబు అందులో ఉంది.

ఆ జవాబుకు పునాది వేసింది ఓ గ్రీకువాడు. క్రీ.పూ. 168 నాటి పిడ్నా యుద్ధం తర్వాత బందీగా రోమ్ చేరిన పాలిబియస్, తమను గెలిచినవాళ్ల బలమేమిటో వెతికాడు. రాజరికం నిరంకుశత్వంగా, పెద్దల పాలన కొందరి పెత్తనంగా, ప్రజాపాలన మూకల రాజ్యంగా చెడిపోతాయన్నాడు. రోమ్ మూడింటినీ కలిపి నడిపిందట. రాజు స్థానంలో ఏడాది పదవిలో ఇద్దరు కాన్సల్స్, వాళ్లకు తోడు పెద్దల సభ సెనేట్, సామాన్యుల తరఫున పదిమంది ట్రిబ్యూన్లు. ఏ ఒక్క ట్రిబ్యూన్ వీటో చేసినా పని ఆగాల్సిందే.

సిసిరో ఈ నమూనానే మెచ్చుకున్నాడు. రాజ్యం ప్రజల సొత్తన్నాడు. మరి ఆ ప్రజల ఓటు విలువెంత? కాన్సల్స్‌ను ఎన్నుకునే సభలో ఓటర్లు 193 బృందాలు, బృందానికో ఓటు. ఆస్తి లేని జనమంతా కలిపి ఒకే బృందం! ముందు ఓటేసేది సంపన్నులే, మెజారిటీ తేలగానే పోలింగ్ ఆగిపోయేది. చాలాసార్లు పేదల వంతే వచ్చేది కాదు. సంఖ్యాబలం అధికారబలం కాకూడదనుకున్న సిసిరోకు ఇది లోపంగా తోచలేదు. రహస్య ఓటు వచ్చాక, ‘డి లెగిబస్’ అనే మరో పుస్తకంలో ఆయన చెప్పిన సవరణ ఇంకా వింత: ఓటు పలక ఓటరు చేతిలోనే ఉండాలి, కానీ దాన్ని పెద్దమనుషులకు చూపించాలి.

ఈ తూకం బెడిసికొట్టింది కూడా వీటో దగ్గరే. క్రీ.పూ. 133లో టిబేరియస్ గ్రాకస్ అనే ట్రిబ్యూన్ ప్రభుత్వ భూమిని పేదలకు పంచబోతే, సాటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్ అడ్డుపడ్డాడు. టిబేరియస్ జనం ఓటుతో అతన్ని పదవి నుంచి దింపేశాడు. కొన్నాళ్లకు సెనేటర్లు, వాళ్ల మనుషులు టిబేరియస్‌ను కొట్టి చంపారు. ఒకరినొకరు ఆపుకునే హక్కులు బోలెడు, పంతం ముదిరితే తీర్పు చెప్పే దిక్కు లేదు.

సిసిరో తన గ్రంథాన్ని సంభాషణగా మలచి, దాన్ని ఆ హత్య జరిగిన నాలుగేళ్లకు, క్రీ.పూ. 129కి జరిపాడు. ఒకే జాతి రెండుగా చీలిందని అందులో ఓ పాత్ర వాపోతుంది. పుస్తకం క్రీ.పూ. 51 నాటికి పూర్తయింది. రెండేళ్లు తిరక్కుండానే ట్రిబ్యూన్ల వీటోను సెనేట్ తోసిపుచ్చింది. ట్రిబ్యూన్ల హక్కులు కాపాడటానికే వస్తున్నానంటూ రోమన్ సేనాని సీజర్ సైన్యంతో ఇటలీ సరిహద్దైన రూబికాన్ నది దాటాడు.