కాఫీ తోట: మాటెంత? నిజమెంత?

ఏటూరునాగారం: "అరకూ ఏజెన్సీయే, మనదీ ఏజెన్సీయే. అక్కడ పండే కాఫీ ఇక్కడెందుకు పండదు?" అనే రైతులున్నారు. మొక్కలకు డబ్బు కట్టే ముందు ఈ సంగతులు తెలుసుకోవాలి.

అడవి నీడ ఉంటే చాలు: నిజం కాదు. నీడతో పాటు ఎత్తు, చల్లదనం కావాలి. అరకులో ఎక్కువగా వేసేది అరబికా రకం. దానికి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తు, 15 నుంచి 25 డిగ్రీల వేడి అనుకూలం. రోబస్టా రకానికైనా మన దేశంలో 500 మీటర్లు దాటిన ఎత్తే అనుకూలమంటారు. గోదావరి ఒడ్డున ఉన్న మన భూములు 100 మీటర్ల లోపే. ఎండాకాలం వేడి 40 డిగ్రీలు దాటుతది.

మరుసటేడే కాపు: నిజం కాదు. 3, 4 ఏళ్లు ఆగాలి. అందాకా ఎరువు, కలుపు ఖర్చు చేతి నుంచే.

నీడచెట్లకు మిరియాల తీగ పాకించవచ్చు: నిజమే. అరకులో సిల్వర్ ఓక్ చెట్లకు పాకించి అదనపు రాబడి తీస్తున్నారు. అది చూసి ఇక్కడ లెక్క వేసుకోరాదు.

ఎవరైనా మొక్కలు అమ్మజూపితే "ఈ చుట్టుపక్కల కాపుకొచ్చిన తోట ఒక్కటి చూపించు" అనండి. ఉద్యాన అధికారిని అడిగినంకనే జేబులో చెయ్యి పెట్టండి. ఎకరం, రెండెకరాల రైతుకు ఒక్క తప్పు అడుగు నాలుగేళ్ల అప్పు.