అమీర్‌పేట రూమ్‌లో ఇరాన్ డిన్నర్: కాల్చిన వంకాయ, చల్లటి పెరుగు, వేడి రొట్టె

అమీర్‌పేటలో ‘అమీర్’ అరబ్బీలో పుట్టి ఫార్సీ మీదుగా మన దగ్గరికి వచ్చిన మాట. ‘పేట’ మనది. పక్క స్టేషన్ పంజాగుట్టలో ‘పంజా’ ఫార్సీ మాట, ఐదు వేళ్ల అరచెయ్యి అని అర్థం. ‘గుట్ట’ మళ్లీ మనదే. ఆ తర్వాత స్టేషన్ ఎర్రమంజిల్ కథ ఇంకా బాగుంటుంది. అక్కడి ఎర్రటి గుట్ట మీద నవాబు ఫక్రుల్ ముల్క్ ప్యాలెస్ కట్టించి ‘ఇరమ్ మంజిల్’ అని పేరు పెట్టాడు. ఫార్సీ తెలిసిన స్నేహితులకు అది స్వర్గం లాంటి ఇల్లు, తెలుగువాళ్లకు ఎర్ర గుట్ట మీది ఎర్రమంజిల్. ఒకే పేరు రెండు భాషల్లోనూ పలికేలా కావాలనే పెట్టాడని చెబుతారు.

రెడ్ లైన్‌లో వరసగా మూడు స్టేషన్లు, మూడింటిలోనూ సగం ఫార్సీ, సగం తెలుగు. మన ప్లేటు కూడా అంతే. నాన్, కబాబ్, పనీర్, షర్బత్... ఇవన్నీ ఫార్సీ దారిన వచ్చిన మాటలే. ‘నాన్’ అంటే ఫార్సీలో రొట్టె అనే. ‘పనీర్’ అంటే జున్నులాంటి ఏ చీజ్ అయినా సరే. బిర్యానీ మాటకొస్తే, ఇస్ఫహాన్‌లో ‘బెర్యానీ’ అడిగితే అన్నం రాదు. మటన్ కీమాని వేయించి, రొట్టె మీద పెట్టి ఇస్తారు!

ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నా, ఇరాన్ వాళ్లు మామూలు రోజున రాత్రి ఇంట్లో ఏం తింటారో మనలో చాలామందికి తెలీదు. ఇరానీ అంటే మనకు చాయ్, ఉస్మానియా బిస్కెట్, అంతే. ఈ వారం ఆ ఇంటి భోజనాన్ని మన రూమ్‌లో చేసి చూద్దాం. రెండు బర్నర్ల స్టవ్, ఇనుప పెనం, మూడు నాలుగు గిన్నెలు ఉంటే చాలు.

చాయ్‌తో మొదలైన కన్‌ఫ్యూజన్

టెహ్రాన్‌లో చాయ్ అడిగితే పాలు లేని డికాషన్ ఇస్తారు. పంచదార బిళ్లని పంటి కింద పెట్టుకుని దాన్ని తాగుతారు. మనం ‘ఇరానీ చాయ్’ అనే చిక్కటి పాల టీకి ఆ పేరు వచ్చింది హోటళ్లు నడిపినవాళ్ల వల్ల. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో యజ్ద్, కెర్మాన్ లాంటి చోట్ల నుంచి బతుకుదెరువు కోసం బొంబాయి, పుణె, హైదరాబాద్ వచ్చిన ఇరానీలు కార్నర్ కొట్లలో హోటళ్లు పెట్టారు. పాలు కలిపింది ఇక్కడి నాలుక కోసం.

వాళ్లకంటే చాలా ముందే ఇరాన్ ఈ ఊరికి వచ్చింది. 1518లో గోల్కొండలో కుతుబ్‌షాహీ పాలన మొదలుపెట్టిన సుల్తాన్ కులీ, ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం వాడు. 1591లో హైదరాబాద్‌కి ప్లాన్ గీసిన పేష్వా మీర్ మోమిన్‌ది అస్తరాబాద్. దర్బారు వంటలు అలా వచ్చి, మన మిరపకాయ, చింతపండు తగిలి హైదరాబాదీ అయిపోయాయి. ఇంటి వంట మాత్రం అక్కడే ఉండిపోయింది. దాంట్లో కారం తక్కువ, మసాలా దాదాపు ఉండదు. రుచి అంతా వెల్లుల్లి, మిరియం, పచ్చి ఆకులు, పెరుగు నుంచే వస్తుంది.

వీక్‌డేకి సరిపోయేది ఇదే

ఇరాన్ వంటల్లో పేరున్న ఘోర్మే సబ్జీ, ఫెసెంజాన్ లాంటివి గంటల తరబడి ఉడకాలి. అవి ఆదివారం సంగతి. సాయంత్రం ఏడున్నరకి మెట్రో దిగే మనకి కావాల్సింది ‘మీర్జా ఖాసెమీ’. కాల్చిన వంకాయ, వెల్లుల్లి, టమాటా, గుడ్డు... అంతే సరుకు.

ఇది గిలాన్ ప్రాంతపు వంట. కాస్పియన్ సముద్రం ఒడ్డున ఉండే గిలాన్ అంటే వానలు, వరి పొలాలు, చేపలు. మన కోనసీమకి కజిన్ అనుకోండి. దాని ముఖ్య నగరం రష్త్‌ని 2015లో యునెస్కో తన క్రియేటివ్ సిటీస్ లిస్టులో వంటకాల నగరంగా చేర్చింది. 19వ శతాబ్దంలో రష్త్‌ని పాలించిన మొహమ్మద్ ఖాసిం ఖాన్ పేరు మీదే ఈ వంటకి పేరొచ్చిందని చెబుతారు.

వంకాయ కాల్చి పచ్చడి చేసుకునే తెలుగువాళ్లకి ఇందులో సగం పని ముందే వచ్చు. తేడా ఎక్కడంటే, మనం పచ్చిమిర్చి, చింతపండు వైపు తిరుగుతాం, వాళ్లు వెల్లుల్లి, గుడ్డు వైపు తిరుగుతారు.

నలుగురికి కావాల్సినవి: పెద్ద భర్తా వంకాయలు రెండు, వెల్లుల్లి రెబ్బలు పది, పండిన టమాటాలు మూడు, గుడ్లు మూడు, పసుపు అర టీస్పూను, నూనె మూడు టేబుల్‌స్పూన్లు, ఉప్పు, మిరియాల పొడి. కూరగాయలు ఎస్సార్‌నగర్ బండ్ల మీద దొరుకుతాయి. టైమ్ ఉంటే ఎర్రగడ్డ రైతుబజార్ ఎలాగూ ఉంది.

వంకాయలకి నాలుగు చోట్ల గాట్లు పెట్టి నేరుగా మంట మీద కాల్చండి. తిప్పుతూ పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. తొక్క నల్లగా మాడి, లోపల మెత్తబడి, కాయ కుంగిపోవాలి. కాల్చాక గిన్నెలో వేసి మూత పెడితే తొక్క తేలిగ్గా ఊడుతుంది. గుజ్జుని ఫోర్కుతో మెదపండి. మిక్సీ వద్దు, పేస్ట్ అయిపోతుంది.

బాణలిలో నూనె వేసి, దంచిన వెల్లుల్లిని సన్నటి సెగ మీద లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించండి. ముదిరితే చేదొస్తుంది. పసుపు వేసి, వెంటనే వంకాయ గుజ్జు వేసి ఐదు నిమిషాలు తిప్పండి. తర్వాత సన్నగా తరిగిన టమాటాలు, ఉప్పు, మిరియాల పొడి. నీరంతా ఇగిరి, నూనె అంచుల్లో కనబడేదాకా పది నిమిషాలు. అప్పుడు గుజ్జుని ఒక పక్కకి జరిపి, ఖాళీ చోట గుడ్లు కొట్టి వెయ్యండి. అవి సగం గట్టిపడ్డాక పెద్ద ముక్కలుగా విరిచి కలపండి. గరం మసాలా డబ్బా వైపు చెయ్యి వెళ్తుంది, ఆపుకోండి. అది వేస్తే కాల్చిన వాసన పోతుంది. కారం లేకపోతే ముద్ద దిగదు అనేవాళ్లు పచ్చిమిరపకాయ పక్కన పెట్టుకుని కొరుక్కోవచ్చు.

రొట్టె: కొనాలా, కాల్చాలా?

ఇరాన్‌లో రొట్టె లేని పూట అరుదు. సంగక్ అనేది వేడి గులకరాళ్ల మీద కాల్చే పొడవాటి రొట్టె. ‘సంగ్’ అంటే రాయి. బర్బరీ కాస్త మందంగా, గాళ్లు గాళ్లుగా, పైన నువ్వులతో ఉంటుంది. లవాష్ కాగితమంత పలచన. తఫ్తూన్ మన నాన్‌కి దగ్గర. లవాష్ తరహా పలచని రొట్టెలు చేసి పంచుకునే సంస్కృతిని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇరాన్, అజర్‌బైజాన్, టర్కీ, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ కలిసి పెట్టిన దరఖాస్తు అది.

ఇక్కడో మంచి వార్త. ఇరాన్ నగరాల్లో చాలా ఇళ్లలో రొట్టె ఇంట్లో కాల్చరు. వీధిలో ‘నాన్‌వాయి’ అనే బట్టీ నుంచి వేడివేడిగా తెచ్చుకుంటారు. కాబట్టి పంజాగుట్ట చుట్టుపక్కల ఏ బిర్యానీ హోటల్లోనో తందూరు రొట్టె కట్టించుకొస్తే మోసం చేసినట్టు కాదు, అదీ సంప్రదాయమే. పాతబస్తీ వైపు వెళ్లిన రోజైతే నాలుగు మూలల ‘చార్ కోనీ’ నాన్ తెచ్చుకోండి. 1851లో పురానీ హవేలీ దగ్గర మొదలైన మున్షీ నాన్ దుకాణంతో పేరొచ్చిన రొట్టె అది.

ఇంట్లోనే చెయ్యాలంటే పని పొద్దున్నే మొదలవ్వాలి. గోధుమపిండి ఒక కప్పు, మైదా ఒక కప్పు, ఇన్‌స్టంట్ ఈస్ట్ పావు టీస్పూను, ఉప్పు ముప్పావు టీస్పూను, పెరుగు రెండు టేబుల్‌స్పూన్లు. నీళ్లు కొద్దికొద్దిగా, సుమారు ముప్పావు కప్పు దాకా పోస్తూ చపాతీ పిండి కంటే మెత్తగా కలపండి. నూనె రాసిన డబ్బాలో పెట్టి, మూత వేసి, ఫ్రిజ్‌లో పెట్టి ఆఫీసుకి వెళ్లిపోండి. చల్లదనంలో ఈస్ట్ నెమ్మదిగా పనిచేస్తుంది. మీరు స్టాండప్ మీటింగుల్లో ఉన్నంతసేపూ అది బ్యాక్‌గ్రౌండ్‌లో రన్ అవుతూనే ఉంటుంది. పైగా ఇలా ఆగి పులిసిన పిండికి రుచి ఎక్కువ.

రాత్రి ఎనిమిది ఉండలు చేసి పలచగా వత్తండి. పైన నువ్వులు అద్దండి. ఇనుప పెనం బాగా కాలాక రొట్టె వేస్తే అర నిమిషంలో బుడగలొస్తాయి. తిప్పి ఇంకో అర నిమిషం. తీసిన వెంటనే శుభ్రమైన గుడ్డలో చుట్టండి. ఆ ఆవిరే రొట్టెని మెత్తగా ఉంచుతుంది.

పక్కన రెండు గిన్నెలు

ఒకటి ‘మాస్త్-ఓ-ఖియార్’. మాస్త్ అంటే పెరుగు, ఖియార్ అంటే కీర దోసకాయ. గట్టి పెరుగులో సన్నగా తరిగిన కీర, నలిపిన ఎండు పుదీనా, ఉప్పు, మిరియం, కొన్ని కిస్‌మిస్‌లు, అక్రోట్ ముక్కలు. తాలింపు లేని పెరుగు పచ్చడి అనుకోండి. ఎండు పుదీనా కోసం షాపులు తిరగక్కర్లేదు, ఆకుల్ని రెండు రోజులు నీడలో ఆరబెడితే సరిపోతుంది.

రెండోది ‘సబ్జీ ఖోర్దన్’, అంటే పచ్చివే తినే ఆకులు. కడిగిన పుదీనా, కొత్తిమీర, ఉల్లికాడలు, చిన్న ముల్లంగి ముక్కలు. రొట్టె ముక్కలో నాలుగు ఆకులు పెట్టి నోట్లో వేసుకోవాలి. మనం పది రూపాయల కట్టని కూర మీద చల్లి మిగిలింది ఫ్రిజ్‌లో కుళ్లబెడతాం. వాళ్లకి ఆ కట్టే ఒక ఐటమ్.

టైమ్ లెక్క ఇలా. 7:45కి పిండి బయటికి, వంకాయలు మంట మీదికి. అవి కాలేలోగా వెల్లుల్లి, టమాటా, కీర తరుగుడు. 8:00కి తొక్క తీసి, 8:05కి బాణలి ఎక్కించాలి. పక్క బర్నర్ మీద రొట్టెలు. 8:30కి భోజనం. ఒకటే బర్నర్ ఉంటే ఇంకో పావుగంట కలుపుకోండి.

హాస్టల్లో ఉన్నవాళ్ల సంగతి

అమీర్‌పేటలో కోర్సుల కోసం వచ్చినవాళ్లలో చాలామందికి రూమ్‌లో స్టవ్ పెట్టే వీలే ఉండదు. మెస్ సాంబారు లేదంటే ఫోన్‌లో ఆర్డర్... ఇవే రెండు దారులు. మీకోసం మంట అక్కర్లేని ఇరాన్ భోజనం ఉంది, పేరు ‘నాన్-ఓ-పనీర్-ఓ-సబ్జీ’. రొట్టె, పనీర్, పచ్చి ఆకులు, నాలుగు అక్రోట్‌లు. ఇరాన్‌లో ఉప్పగా ఉండే తెల్ల చీజ్ వాడతారు. మనం తాజా పనీర్ మీద ఉప్పు, మిరియం, నాలుగు చుక్కల నిమ్మరసం వేసుకుంటే బాగానే ఉంటుంది. తందూరు రొట్టెలు కొనుక్కొస్తే పది నిమిషాల్లో ప్లేటు రెడీ.

ఇండక్షన్ స్టవ్ మాత్రమే ఉన్నవాళ్లు వంకాయని నిలువుగా రెండు చేసి, నూనె రాసి, కోసిన వైపు పెనానికి ఆనేలా పెట్టి, మూత వేసి పదిహేను నిమిషాలు మగ్గించండి. పొగ వాసన తగ్గుతుంది, మిగతాదంతా వస్తుంది.

ఒకే గుడ్డ మీద

ఇరాన్ ఇళ్లలో నేల మీద ‘సోఫ్రె’ అనే గుడ్డ పరిచి, గిన్నెలన్నీ మధ్యలో పెట్టి చుట్టూ కూర్చుంటారు. మీర్జా ఖాసెమీకి ఈ పద్ధతి బాగా కుదురుతుంది. అది ఒక్కడికి వండే వంట కాదు, పెద్ద వంకాయ కాల్చాక నలుగురికి పెట్టాల్సిందే. పార్సిల్ డబ్బాలైతే ఎవరి మూలన వాళ్లు, ఎవరి రీల్స్ వాళ్లవి. మా ఫ్లాట్‌లో నలుగురం. షిఫ్టులు వేరు, కంపెనీలు వేరు. ఒకడు నాలుగు నెలలుగా ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఇంటర్వ్యూ ఎలా అయిందని ఫోన్ చేసి అడిగితే ‘బానే అయింది’ అంటాడు. అదే రొట్టె తుంచి ఒకే గిన్నెలో ముంచుతున్నప్పుడు ఎవరూ అడక్కుండానే మొత్తం చెప్పాడు, ఏ రౌండ్‌లో పోయిందో, ఇంటికి ఏం చెప్పాడో కూడా. ఖర్చంటారా? బయటి రొట్టెలతో కలిపినా నలుగురికి ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ ఖర్చు దాటదు.

మీర్జా ఖాసెమీ మిగిలితే పొద్దున్న బ్రెడ్ మీద పెట్టుకోండి, అన్నంలో కలుపుకున్నా బాగుంటుంది. గిలాన్‌లోనూ దాన్ని అన్నంతో తింటారు. మిగిలిన రొట్టెల్ని ముక్కలు చేసి పెనం మీద కరకరలాడించి డబ్బాలో వేస్తే సాయంత్రం చాయ్‌కి పనికొస్తాయి. ఆ చాయ్‌ని ఒక్కసారి పాలు పోయకుండా, పంచదార బిళ్ల పంటి కింద పెట్టుకుని తాగి చూడండి. నచ్చకపోతే కింద ఇరానీ హోటల్ ఉండనే ఉంది.