ప్రమాదానికి ముందే మేల్కొనే వ్యవస్థ

కర్మాగారంలో హెల్మెట్లు, చేతి తొడుగులు, మంటలార్పే సిలిండర్లు, గోడల మీద హెచ్చరిక బోర్డులు ఉన్నంత మాత్రాన అక్కడ భద్రతా నిర్వహణ వ్యవస్థ ఉన్నట్టు కాదు. ఇవన్నీ భద్రతకు సాధనాలు మాత్రమే. ఏ పనిలో ఏ అపాయం పొంచి ఉన్నదో ముందుగా గుర్తించి, దాన్ని అదుపు చేసే మార్గాన్ని నిర్ణయించి, ఆ మార్గం ప్రతి షిఫ్టులోనూ అమలవుతున్నదో లేదో పరిశీలిస్తూ, లోపం కనిపించిన చోట వెంటనే సరిదిద్దుకునే నిరంతర క్రమాన్నే భద్రతా నిర్వహణ వ్యవస్థ అంటారు. ఏ బాధ్యత ఎవరిది, ఏ పనికి ఎవరి సంతకం కావాలి, ఏ హెచ్చరిక ఎవరి దాకా ఎంతసేపట్లో చేరాలి అన్న విషయాలు ఈ వ్యవస్థలో ముందే తేలి ఉంటాయి.

భారతదేశంలో ఈ ఆలోచన చట్టరూపం దాల్చడానికి భారీ మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ వాయువు వెలువడి వేలాది మంది ప్రాణాలు కోల్పోయిన తర్వాత, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని 1987లో సవరించారు. ప్రమాదకర పరిశ్రమలు లిఖితపూర్వకమైన భద్రతా విధానాన్ని, అత్యవసర ప్రణాళికను రూపొందించుకోవాలనీ, కార్మికులకూ యాజమాన్యానికీ సమాన ప్రాతినిధ్యం గల సేఫ్టీ కమిటీని ఏర్పాటు చేయాలనీ, ముంచుకొస్తున్న అపాయాన్ని యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కు కార్మికునికి ఉందనీ ఆ సవరణ స్పష్టం చేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో ఇటువంటి వ్యవస్థలకు మార్గదర్శకాలు ప్రకటించగా, 2018 మార్చిలో ఐఎస్‌ఓ 45001 అనే అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. పాత చట్టం ప్రకారం వెయ్యిమంది కార్మికులున్న కర్మాగారాలకు సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి కాగా, 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి ఆ సంఖ్యను 500కు, ప్రమాదకర పరిశ్రమల్లో 250కి తగ్గించింది.

ఈ ప్రమాణాలన్నిటికీ మూలం ఒకే చక్రం: ప్రణాళిక వేయడం, అమలు చేయడం, తనిఖీ చేయడం, సవరించడం. ఈ నాలుగు మెట్లలో ఏది జారినా ఏమవుతుందో తెలుసుకోవడానికి విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం ఉదంతాన్ని మించిన పాఠం తెలుగు నేల మీద మరొకటి లేదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున అక్కడి ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి, చుట్టుపక్కల నిద్రలో ఉన్న జనాన్ని కమ్మేసింది. పన్నెండుమంది మరణించారు, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ రెండు నెలల తర్వాత సమర్పించిన నివేదికలో, ట్యాంకు లోపాలతో పాటు భద్రతా నిర్వహణ వైఫల్యాన్ని కూడా కారణంగా పేర్కొన్నది.

ప్రణాళికలో మొదటి పని అపాయాన్ని గుర్తించడం. ఇక్కడ రెండు మాటలను వేరువేరుగా అర్థం చేసుకోవాలి. హాని చేయగల స్వభావం ఉన్న వస్తువును లేదా పరిస్థితిని ప్రమాదకారకం అంటారు. ఆ హాని జరిగే అవకాశాన్నీ, జరిగితే కలిగే నష్టం తీవ్రతనూ కలిపి చూసినప్పుడు దాన్ని ముప్పు అంటారు. స్టైరీన్ ప్రమాదకారకం. దాని అణువులు ఒకదానితో ఒకటి గొలుసులా కలిసిపోయే గుణం కలవి. అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి కలయికను మరింత వేగిరపరుస్తుంది. అందుకే ట్యాంకును చల్లగా ఉంచుతూ, గొలుసు కట్టకుండా ఆపే నిరోధక రసాయనాన్ని తగుపాళ్లలో కలుపుతూ ఉండాలి. చల్లదనమూ నిరోధకమూ సరిగా ఉన్నంతకాలం ముప్పు తక్కువ. వాటిలో ఏది తగ్గినా అదే ట్యాంకు, అదే ద్రవం పెనుముప్పుగా మారుతుంది. అంటే ముప్పు అంచనా ఒకసారి రాసి బీరువాలో పెట్టే కాగితం కాదు, పరిస్థితి మారినప్పుడల్లా తిరిగి వేసుకోవలసిన లెక్క.

ఆ మార్పులను పట్టుకునే పద్ధతిని మార్పుల నిర్వహణ అంటారు. గొట్టం మళ్లించినా, ముడిసరుకు మార్చినా, ఉత్పత్తి ఆపి ఉంచినా, దానివల్ల కొత్తగా ఏ అపాయం వస్తుందో ఆలోచించిన తర్వాతే అనుమతించాలన్నది దీని సారాంశం. వెంకటాపురంలో 2019 డిసెంబరులో ట్యాంకు గొట్టాల్లో చేసిన మార్పు వల్ల లోపలి ద్రవం సరిగా కలవకుండా పోయిందనీ, ఉష్ణోగ్రతను అడుగుభాగంలోనే కొలిచేవారనీ, శీతలీకరణ యంత్రాన్ని 24 గంటలూ నడపలేదనీ, నిరోధక రసాయనం చాలినంత లేదనీ కమిటీ తేల్చింది. దానికితోడు కోవిడ్ లాక్‌డౌన్ వల్ల స్టైరీన్ వారాల తరబడి ట్యాంకులో కదలకుండా నిలిచిపోయింది. అడుగున ఉన్న మీటరు చల్లదనాన్ని చూపిస్తుండగా పై పొరల్లో వేడి పెరుగుతూ పోయింది. గొట్టం మార్చిన నాడు గానీ, ఉత్పత్తి ఆగిన నాడు గానీ పై పొర సంగతేమిటని అడిగి తీరవలసిన నియమం ఉండి, అది అమలై ఉంటే, ఆ వేడి ముందుగానే బయటపడి ఉండేది.

అపాయాన్ని గుర్తించిన తర్వాత అదుపు చేసే మార్గాలను ఎంచుకోవడంలో ఒక వరుస ఉంది. ఔషధ కర్మాగారాల్లో తేలికగా మండే ద్రావకమున్న రియాక్టరులోకి బస్తాలతో పొడిని ఒంపే పనిని తీసుకుంటే ఈ వరుస సులువుగా అర్థమవుతుంది. పొడి జారేటప్పుడు పుట్టే స్థిరవిద్యుత్తు నిప్పురవ్వగా మారి ఆవిరిని అంటించవచ్చు. ఆ దశే అవసరం లేకుండా తయారీ విధానాన్ని మార్చడం అన్నిటికంటే మేలైన మార్గం. అది కుదరకపోతే అంత తేలికగా మండని ద్రావకాన్ని వాడడం, అదీ కాకపోతే నైట్రోజన్ నింపిన మూసిన యంత్రం ద్వారా పొడిని పంపడం, ఆపైన పని పద్ధతులను కట్టుదిట్టం చేసి శిక్షణ ఇవ్వడం, చిట్టచివర కార్మికునికి ముసుగు, రక్షణ దుస్తులు ఇవ్వడం. చాలాచోట్ల ఈ వరుస తలకిందులవుతోంది. యంత్రానికి డబ్బు పెట్టడం కంటే ముసుగు కొనివ్వడం చౌక కనుక, భద్రత భారమంతా కార్మికుని ముఖం మీదికి చేరుతోంది.

అమలులో అతి ముఖ్యమైన సాధనం పని అనుమతి పత్రం. దీన్ని కర్మాగారాల్లో వర్క్ పర్మిట్ అంటారు. రియాక్టరు లోపల శుభ్రం చేయడానికి మనిషి దిగాలంటే, దానిలోకి వచ్చే ప్రతి గొట్టానికీ ఇనుప బిళ్ల బిగించి దారి మూసివేయాలి. వాల్వు కట్టేస్తే చాలదు, ఎందుకంటే వాల్వు కారవచ్చు, తెలియక ఎవరైనా తిప్పవచ్చు. కలిపే మోటారుకు విద్యుత్తు ఆపి, స్విచ్చుకు తాళం వేసి, ఆ తాళంచెవి దిగే మనిషి దగ్గరే ఉంచాలి. లోపలి గాలిలో ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకుండా ఉందో లేదో, విషవాయువులూ మండే ఆవిర్లూ ఉన్నాయో లేదో పరికరంతో కొలవాలి. మూత దగ్గర ఒక మనిషి కదలకుండా కాపలా ఉండాలి, దిగినవాడు ఒంటికి తొడుక్కున్న రక్షణ పట్టీకి (హార్నెస్) కట్టిన తాడు పైన ఆధారానికి బిగించి ఉండాలి. లోపల పడిపోయిన తోటివాణ్ణి కాపాడాలని పరుగున దిగినవాడు కూడా ప్రాణం కోల్పోయే విషాదం ఈ ఏర్పాట్లు లేని చోటనే జరుగుతుంది. ఇవన్నీ కళ్లతో చూసిన తర్వాత పెట్టే సంతకానికే విలువ. ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని పెట్టే సంతకం మనిషిని కాపాడదు.

అపాయం జాడ మొదట తెలిసేది యంత్రం పక్కన నిలబడేవారికే. కొత్తగా వచ్చిన వాసన, మోటారు శబ్దంలో తేడా, రోజూ కంటే వేడిగా తగిలే గొట్టం వారికే తెలుస్తాయి. దెబ్బ తగలకుండా త్రుటిలో తప్పిన సంఘటనను నియర్ మిస్ అంటారు. దాన్ని నమోదు చేసి కారణం వెతికితే రాబోయే ప్రమాదాన్ని ఆపవచ్చు. అయితే చెప్పినవానికే మెమో ఇస్తే, లేదా కాంట్రాక్టు కార్మికుడు మాట్లాడితే మర్నాడు పని ఉండదన్న భయం ఉంటే, ఆ సమాచారం పైకి రాదు. కనుక కాంట్రాక్టు కార్మికులకూ, ఒడిశా, బిహార్, జార్ఖండ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కార్మికులకూ వారికి అర్థమయ్యే భాషలో శిక్షణ ఇవ్వడం, సేఫ్టీ కమిటీలో వారి మాటకు చోటు కల్పించడం వ్యవస్థకు ప్రాణావసరం.

ఎంత జాగ్రత్తపడినా ప్రమాదం జరగవచ్చునన్న ఎరుకతో అత్యవసర ప్రణాళికను సిద్ధం చేసుకోవాలి. వెంకటాపురం కర్మాగారంలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలున్నా, ఆ రాత్రి దాన్ని వాడలేదని కమిటీ గుర్తించింది. మీట ఉండడం వేరు, దాన్ని నొక్కే అధికారం తనకుందని ఆ షిఫ్టులోని ప్రతి మనిషికీ తెలిసి ఉండడం వేరు. ఆ తెలివిడి కలగాలంటే మాక్ డ్రిల్ రాత్రి షిఫ్టులోనూ జరగాలి, ప్రహరీ అవతలి ఊరివారికి కూడా సైరన్ అర్థమేమిటో, ఏ వైపు వెళ్లాలో చెప్పి ఉంచాలి.

తనిఖీ, సవరణ అన్న చివరి రెండు మెట్లు ఈ చక్రాన్ని ఆగకుండా తిప్పుతాయి. భద్రతా ఆడిట్‌కు ఐఎస్ 14489 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆడిట్‌లో బయటపడిన ప్రతి లోపానికీ బాధ్యుడెవరో, గడువెంతో రాసుకుని, యాజమాన్యంలో అగ్రస్థానంలో ఉన్నవారే దాన్ని సమీక్షించాలి. చిన్న కర్మాగారాలు దీన్ని పెద్ద ఖర్చని వెనుకాడనవసరం లేదు. ఉన్న పనుల జాబితా రాసుకుని, వాటిలో అత్యంత ప్రమాదకరమైన ఐదింటిని ఎంచుకుని, ఆ పనులు చేసేవారితోనే కూర్చుని నియమాలు రూపొందించుకుంటే వ్యవస్థకు పునాది పడినట్టే.

వెంకటాపురంలో ట్యాంకు ఒక్క రాత్రిలో ప్రమాదకరంగా మారలేదు. గొట్టం మారిన నాటి నుంచి నెలల తరబడి లోపాలు పోగుపడుతూ వచ్చాయి. అటువంటి లోపాలను చూసేవారూ, చూసి చెప్పేవారూ, చెబితే విని పనిని ఆపేవారూ ప్రతి షిఫ్టులో ఉండేలా చూడడమే భద్రతా నిర్వహణ. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా గోడకు వేలాడే ధ్రువపత్రం ఎవరినీ కాపాడలేదు.