మన పిల్లలకూ నల్లకోటు

అహోబిలం గుడికి ఆఫీసరును వేసే హక్కు ప్రభుత్వానికి లేదని 2023లో సుప్రీంకోర్టు దాకా పోయి మఠం గెలిచింది. ఆ కొండల్లోనే అడవి పట్టా కోసం తిరిగే చెంచుకు అర్జీ రాసిపెట్టే వకీలు ఏడీ?

అందుకే మన పిల్లలు లాసెట్ రాయాలంటున్నాం. ఇంటర్ పాసైతే ఐదేళ్ల కోర్సు, డిగ్రీ ఉంటే మూడేళ్లది. ప్రశ్నలు 120, టైము గంటన్నర. తప్పు రాస్తే మార్కులు కోయరు. ప్రశ్న తెలుగులోనూ ఉంటుంది. జాతీయ లా యూనివర్సిటీల క్లాట్ అట్లా కాదు, అంతా ఇంగ్లీషే. లాసెట్‌లో సగం చట్టం గురించి, మిగతాది లోకజ్ఞానం. రోజూ పేపరు చదివేవాళ్లకు భయం లేదు. 42 మార్కులొస్తే అర్హత. ఎస్సీ, ఎస్టీలకు ఆ గీత కూడా లేదు.

చిక్కంతా కాలంతోనే. ఈ మధ్య పరీక్ష మే, జూన్ నెలల్లో పడుతోంది. మన మెట్టపల్లెల్లో అంతకుముందు ఎండాకాలమంతా పనుల్లేక వలసపోయే రోజులు. ఆ రెండు నెలలూ పిల్లల్ని మేస్త్రీ వెంట పంపకుండా ఊళ్లోనే ఉంచుకోవాలి.