నారింజకు చలికాలపు ఇల్లు

జర్మనీలోని హైడెల్బర్గ్ కోట పక్కన 1610ల చివర్లో సాలమన్ డి కౌస్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఒక తోట వేశాడు. అందులో ఎదిగిన నారింజ చెట్లను నేలలోనే నాటించాడు. ఏటా చలి మొదలయ్యేసరికి వాటి చుట్టూ 280 అడుగుల పొడవున చెక్కల ఇల్లు నిలబెట్టి, లోపల పొయ్యిలు రగిలించేవారు. ఈస్టర్ పండగ నాటికి ఆ ఇల్లంతా ఊడదీసేవారు. ఇంగ్లండులో బెడింగ్టన్ అనే చోట కూడా అంతకుముందు నుంచే ఇదే పద్ధతి. అక్కడి చెట్లు చాలా కాలం బతికి 1739-40 నాటి భయంకరమైన చలికి చచ్చిపోయాయి.

ఇంత ప్రయాస ఎందుకంటే, చలిదేశపు ఆపిల్, పియర్ చెట్లు ఆకు రాల్చి, మొగ్గ బిగించుకుని శీతాకాలమంతా నిద్రపోతాయి. నారింజకు, నిమ్మకు ఆ నిద్ర లేదు. హిమాలయాల ఆగ్నేయ పాదాల దగ్గర పుట్టిన జాతి ఇది. 13 డిగ్రీల కిందికి దిగితే ఎదుగుదల ఆగుతుంది కానీ ఆకులు పచ్చగా ఉండి ఊపిరి తీస్తూనే ఉంటాయి. సున్నా కన్నా మరో రెండు మూడు డిగ్రీలు కిందికి దిగితే నిమ్మ ఆకులు కమిలిపోతాయి. కాబట్టి పారిస్‌లోనో లండన్‌లోనో ఈ చెట్టును పెంచాలంటే ఏడాదిలో ఐదారు నెలలు దానికొక నీడ కావాలి. చెట్టు దగ్గరికి ఇల్లు తేవాలి, లేదా ఇంటి దగ్గరికి చెట్టును తేవాలి.

ఫ్రాన్స్ రెండో దారి పట్టింది. 14వ లూయీ 1661లో తన ఆర్థికమంత్రి ఫుకేను చెరసాలలో పెట్టించి, అతని తోటలోని నారింజ చెట్లను వెర్సాయ్‌కి తరలించుకున్నాడు. అక్కడ మొదట కట్టిన ఆరెంజరీ, అంటే నారింజ చెట్ల శాల, చాలకపోవడంతో వాస్తుశిల్పి ఆర్దువాఁ మాన్సార్ 1684-86 మధ్య పెద్దది కట్టాడు. మధ్య శాల పొడవు 150 మీటర్ల పైచిలుకు, కప్పు ఎత్తు 13 మీటర్లు, గోడల మందం నాలుగైదు మీటర్లు. పైన తోట, దాని కింద మట్టిలో ఒదిగిన ఈ శాల. కిటికీలన్నీ దక్షిణానికే. డిసెంబరు మిట్టమధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటే వెర్సాయ్‌లో 18 డిగ్రీలు కూడా దాటడు. అంత కింది నుంచి వచ్చే ఎండ నిలువు కిటికీలోంచి దూరి శాల లోతుల్లోకి వెళుతుంది. పగలు తాగిన వేడిని మందపాటి గోడలు రాత్రికి మెల్లగా వదులుతాయి. బయట మంచు కురుస్తున్నా లోపల 5 డిగ్రీల కిందికి దిగదు. నారింజకు అంత చాలు.

ఆ భవనం చూడటానికి ఎంత ఘనంగా ఉన్నా, నాకు అంతకన్నా గొప్పగా కనిపించేది అందులో ఉండే పెట్టె. తోటల రూపశిల్పి లె నోత్ర్ ఆలోచన అని చెప్పుకునే ఆ నలుచదరపు పెట్టెకు నాలుగు మూలలా నిలువు స్తంభాలు, మధ్యలో ఓక్ చెక్క పలకలు, పలకలను పట్టి ఉంచే ఇనుప అడ్డపట్టీలు. పట్టీ కొక్కెం విప్పితే ఒక పక్క పలక ఊడి వస్తుంది, చెట్టు మాత్రం కదలదు. బయటపడిన మట్టిముద్ద అంచున పాత వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. తోటమాలి వాటిని నిలువుగా కోసేసి, ఆ ఖాళీలో కొత్త మట్టి, మాగిన ఎరువు కూరి, పలక మళ్లీ బిగిస్తాడు. కొన్నేళ్లకు ఇంకో పక్క. తగ్గిన వేళ్లు మోయగలిగినంతే ఆకు ఉండేలా పైన కొమ్మలనూ కత్తిరిస్తాడు. కుండీలో చెట్టుకు వచ్చే అసలు ముప్పు మట్టి పాతబడి గట్టిపడటం, వేళ్లకు గాలి అందకపోవడం. పెట్టె మార్చకుండా మట్టి మార్చే ఈ ఉపాయం వల్లే వెర్సాయ్‌లో రెండు వందల ఏళ్లు దాటిన నారింజ చెట్లు ఇంకా పూస్తున్నాయి. 1421లో స్పెయిన్‌లోని పాంప్లోనాలో మొలిచిందని చెప్పుకునే ఒక చెట్టు వెర్సాయ్‌లోనే 1894 దాకా బతికింది. మే నెల మధ్యలో, చివరి మంచు భయం తీరాక, వెయ్యికి పైగా పెట్టెలు బయటికి వస్తాయి. అక్టోబరు మధ్యలో మళ్లీ లోపలికి వెళతాయి.

పొయ్యి పెట్టినచోట కథ వేరుగా నడిచింది. ఆక్స్‌ఫర్డ్ వృక్షవనంలో నాలుగు చక్రాల ఇనుప బండిలో బొగ్గులు రగిల్చి, మొక్కల మధ్య తోటమాలి అటూ ఇటూ లాక్కు తిరిగేవాడు. వెచ్చగానే ఉండేది కానీ మూసిన గదిలో పొగ మొక్కలకు పడదు. ఈ సంగతి పట్టించుకున్నవాడు ఇంగ్లీషు రచయిత జాన్ ఎవెలిన్. 1691లో అతను పొయ్యిని గది బయట పెట్టే పద్ధతిని ప్రచురించాడు. నిప్పుకు కావలసిన గాలి గది నేలలోని కాలువ గుండా వెళుతుంది. ఆ లోటు పూడ్చడానికి తాజా గాలి కొలిమిలోంచి పోయే గొట్టాల్లో వేడెక్కి లోపలికి వస్తుంది. గోడకు థర్మామీటరు కూడా వేలాడదీయమన్నాడు.

పొగలో ఏముందో తేలడానికి మరో రెండు శతాబ్దాలు పట్టింది. కాలిఫోర్నియాలో పచ్చి నిమ్మకాయలను కిరోసిన్ పొయ్యిలున్న గదుల్లో ఉంచి పసుపు రంగు తెప్పించేవారు. రంగు వేడి వల్లే వస్తోందనుకున్నారు. వేరే పద్ధతిలో గది వేడిచేస్తే రంగు రాలేదు. 1924లో ఎఫ్.ఇ. డెన్నీ అనే శాస్త్రవేత్త ఆ పని చేస్తున్నది పొగలోని ఎథిలీన్ వాయువని చూపించాడు. కాయకు రంగు తెచ్చే అదే వాయువు నిమ్మజాతి చెట్టు చేత ఆకు రాల్పిస్తుంది. ఎవెలిన్ గదిలోంచి తరిమేసింది, పేరు తెలియకుండానే, దాన్నే.

లండన్ దగ్గర క్యూ తోటలో విలియం చాంబర్స్ 1761లో కట్టిన ఆరెంజరీలో నేల కింద వేడి గొట్టాలున్నాయి. అయినా చెట్లు బాగుపడలేదు. వెలుతురు చాలక వాటిని 1841లో వేరే చోటికి తరలించారు. ఈ వైఫల్యంలోనే అసలు పాఠం ఉందని నేననుకుంటాను. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆకు శ్వాస దాదాపు రెట్టింపవుతుంది, అంటే అది దాచుకున్న పిండిపదార్థం రెట్టింపు వేగంతో కరుగుతుంది. వెలుగు ఉంటే ఆ ఖర్చు తిరిగి సంపాదించుకుంటుంది. లేకపోతే నిల్వ తిని, తర్వాత ఆకు రాలుస్తుంది. వెలుగు తక్కువైన గదిలో చల్లదనమే చెట్టును కాపాడుతుంది. దీనికి తిరగేసిన ప్రమాదమూ ఉంది. కిటికీ ఎండ ఆకుల మీద పడుతుంటే కుండీ మాత్రం మంచులాంటి నేల మీద ఉందనుకోండి. 12 డిగ్రీల కింద వేళ్లు నీరు సరిగా పీల్చలేవు, పైన ఆకులు మాత్రం నీరు అడుగుతాయి. తడిమట్టిలో నిలబడే చెట్టు ఎండుతుంది.

ఇంగ్లండులో గాజు మీద పన్ను 1845లో రద్దయింది. గాజు కప్పులొచ్చాయి, ఆరెంజరీలు విందుశాలలయ్యాయి.

ఇవాళ న్యూజెర్సీలోనో చికాగోలోనో మన తెలుగువాళ్లు నిమ్మకుండీని చలికాలం హాల్లో పెడతారు. ఇరవై రెండు డిగ్రీల వెచ్చదనం, ఉత్తరపు కిటికీ, హీటరు పొడిగాలి. క్యూ తోటలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది, పైగా ఎర్రనల్లి తోడవుతుంది. 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉండే వెలుతురున్న గదో, అద్దాల వరండానో ఉంటే అక్కడ, నీళ్లు బాగా తగ్గించి, కుండీ కింద చెక్కముక్క వేసి ఉంచడం మేలు. అలాంటి చోటు లేకపోతే వెచ్చని గదికి తగిన వెలుగు ఎల్ఈడీ దీపాలతో ఇవ్వాలి. వసంతంలో బయటికి తెచ్చినప్పుడు మొదటి రెండు వారాలు నీడలోనే ఉంచాలి, ఇంట్లో పుట్టిన ఆకు నేరుగా ఎండ సోకితే తెల్లగా మాడుతుంది. చల్లని విశ్రాంతి తర్వాత పూత బాగా వస్తుంది. చలి తక్కువైన మన గూడూరు వైపు రైతులు నీళ్లు ఆపి తోటను బెట్టకు వదిలి, అదే పూతను రప్పిస్తారు.

చలిదేశపు కుండీకి బాగా కుదిరినది మేయర్ నిమ్మ. అమెరికా వ్యవసాయశాఖ పంపిన ఫ్రాంక్ మేయర్ 1908లో బీజింగ్ పరిసరాల్లో దీన్ని సేకరించాడు. అక్కడివాళ్లు అప్పటికే దాన్ని కుండీల్లో పెంచుతున్నారు. అయితే ఆ చెట్టు తాను జబ్బుపడకుండానే ట్రిస్టిజా వైరస్‌ను మోస్తూ వచ్చి తోటలకు అంటించింది. వైరస్ లేని రకం 1975లో విడుదలైంది. ఇప్పుడు భయం గ్రీనింగ్ తెగులుది. దాన్ని మోసే సైలిడ్ పురుగుకు కరివేపాకు కూడా ఇష్టమే, అదీ నిమ్మ కుటుంబానిదే కదా. అందుకే ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఈ మొక్కల రాకపోకల మీద గట్టి ఆంక్షలున్నాయి. బంధువుల ఇంటి నుంచి కరివేపాకు మొక్క కారులో వేసుకొచ్చే ముందు ఆ రాష్ట్రపు నిబంధన తెలుసుకోవాలి, లేతచిగుళ్లు తిప్పి చూడాలి. మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగు తల వంచి, వెనకభాగం 45 డిగ్రీల వాలున పైకెత్తి కూర్చుంటే అది సైలిడే.