సార్వజనిక డిజిటల్ పటాలు – ప్రభుత్వ దత్తాంశాలకు ఆకర ప్రస్తావన

సాగు విస్తీర్ణపు అంచనా, చెరువుల ఆయకట్టు లెక్కింపు, గిడ్డంగుల స్థల నిర్ణయం వంటి పనులలో డిజిటల్ పటాల వినియోగం నానాటికీ పెరుగుతున్నది. 2004లో బ్రిటన్‌లో ప్రారంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అందరూ కలిసి రూపొందించుకునే పటాలలో ప్రధానమైనది. స్వచ్ఛంద కార్యకర్తలు క్షేత్రంలో సేకరించిన వివరాలతో పాటు, ప్రభుత్వాలు స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసిన దత్తాంశాలు కూడా ఇందులో చేరుతుంటాయి. ఇవి ఉచితమే గాని షరతులు లేనివి కావు. ఆకరాన్ని పేర్కొనడం ఆ షరతులలో మొదటిది.

లైసెన్సుల నిబంధనలు

భారత ప్రభుత్వం 2012లో దత్తాంశాల భాగస్వామ్య విధానాన్ని ప్రకటించి, 2017లో 'గవర్నమెంట్ ఓపెన్ డేటా లైసెన్స్ – ఇండియా'ను నోటిఫై చేసింది. దీని ప్రకారం దత్తాంశాన్ని వాణిజ్య అవసరాలకు సైతం వాడుకోవచ్చు. అయితే దత్తాంశాన్ని అందించిన సంస్థ, ఆకరం, లైసెన్సు పేరు, వెబ్ చిరునామా తెలపాలి. ఆ సంస్థ తమ వినియోగాన్ని ఆమోదించినట్లు సూచించరాదు. వ్యక్తిగత సమాచారం, ప్రభుత్వ చిహ్నాలు ఈ లైసెన్సు పరిధిలోకి రావు. అనేక దత్తాంశాలను కలిపి వాడినప్పుడు ఆకరాల జాబితాను వేరొక పుటలో ఉంచి, దానికి లంకె ఇవ్వవచ్చు.

ఈ చివరి వెసులుబాటు సార్వజనిక పటాలకు కీలకమైనది. వందలాది ఆకరాల పేర్లను పటం మూలన ముద్రించడం సాధ్యం కాదు. అందుచేత ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాటిని దేశాల వారీగా ఒక ప్రత్యేక పుటలో నమోదు చేస్తున్నది. బ్రిటన్‌కు చెందిన ఆర్డ్‌నెన్స్ సర్వే 2010 ఏప్రిల్‌లో విడుదల చేసిన దత్తాంశాలకు ఆకర ప్రస్తావన ఈ పుటలోనే ఉన్నది. 'క్రియేటివ్ కామన్స్ బై 4.0' లైసెన్సు గల దత్తాంశాల విషయంలో, ఈ విధమైన ప్రస్తావన తమకు సమ్మతమేనని యజమాని నుంచి ముందుగా రాతపూర్వక అంగీకారం పొందవలసి ఉంటుంది. హక్కుల స్పష్టత లోపిస్తే కలిగే నష్టం చిన్నది కాదు. 2012లో పటం లైసెన్సు మారినప్పుడు, అంగీకారం తెలపని వారు చేర్చిన వివరాలను తొలగించవలసి వచ్చింది.

వ్యవసాయ పరిశోధనలో ప్రాధాన్యం

ఆకర ప్రస్తావన కేవలం మర్యాద కాదు. దత్తాంశపు విశ్వసనీయతకు అది ఆధారం. 1:2,50,000 స్కేలు గల నేలల పటంలో ఒక మిల్లీమీటరు దూరం నేలపై 250 మీటర్లకు సమానం. ఒక చదరపు మిల్లీమీటరు 6.25 హెక్టార్లు. ఆకరం, స్కేలు తెలియక ఇటువంటి పటాన్ని పెద్దదిగా చేసి, ఎకరం కమతానికి ఎరువుల మోతాదు సూచిస్తే ఆ సిఫారసుకు శాస్త్రీయత ఉండదు.

తేదీ కూడా అంతే ముఖ్యం. తెలంగాణ జిల్లాలు 2016లో 10 నుంచి 31కి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడిన సంగతి గమనించకుండా పాత, కొత్త గణాంకాలను పోల్చితే వేరుశనగ విస్తీర్ణం ఒక్కసారిగా పడిపోయినట్లు కనిపిస్తుంది. కుదించుకుపోయినది సాగు కాదు, జిల్లా సరిహద్దు.

పాటించవలసిన పద్ధతులు

• దత్తాంశాన్ని దిగుమతి చేసుకునే ముందే లైసెన్సు ప్రతిని భద్రపరచుకోవాలి. వెబ్‌సైటులో కనిపించినదంతా స్వేచ్ఛా దత్తాంశం కాదు.
• సంస్థ పేరు, దత్తాంశం పేరు, విడుదల సంవత్సరం, స్కేలు, సేకరించిన తేదీ నమోదు చేయాలి.
• పటంలో చేర్చేటప్పుడు ప్రతి మార్పుల సముదాయానికి ఆకరం తెలపాలి. పెద్ద ఎత్తున చేర్చదలచినప్పుడు స్థానిక పట నిర్మాతలతో ముందుగా చర్చించాలి.
• దత్తాంశంలో చేసిన సవరణలను వేరుగా పేర్కొనాలి.
• సిద్ధాంత గ్రంథాలు, వ్యాసాలలో ఈ పటాన్ని వాడినప్పుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లను, దాని లైసెన్సును పేర్కొనాలి.

విత్తన సంచిపై రకం, లాట్ నంబరు, పరీక్ష తేదీ లేకుంటే మొలక రానప్పుడు కారణాన్ని వెదకే దారి ఉండదు. పటంలోని కాలువ గీత తప్పని తేలినప్పుడూ అంతే. ఆకరం నమోదై ఉంటే తప్పు ఎక్కడ జరిగిందో గుర్తించి, అక్కడే సరిదిద్దవచ్చు.